నాలుగో రాయి

గొలుసు తీసుకుని కోరంగి వచ్చాను.
స్కూటరు డిక్కీలో పటం నకలు, మరమరాల పొట్లం.
నాలుగు హద్దురాళ్ళలో మూడు దొరికాయి.
నాలుగోది ఏదమ్మా అంటే
సంగాడి బంగారమ్మ గడ్డంతో నీళ్ళవైపు చూపించింది.
"దిగితే కాలికి తగుల్తాది బాబూ,
పాటు మీదున్నప్పుడు మొల్లోతే."

నా పటంలో ఈ కాలవ సూదిలోకెక్కే దారమంత.
ఇక్కడ చూస్తే రెండు మరపడవలు
పక్కపక్కనే కబుర్లాడుకుంటూ పోతున్నాయి.
"ఈ గట్టు మేస్తాది, ఆ గట్టున నెమరేస్తాది,"
అందావిడ, ఏటిని దొంగగేదెలా తిడుతూ.
ఆ గట్టుకి నంబరు లేదు, శిస్తు లేదు.
బురద మీద గెంతే మిడిగుడ్ల చేపలున్నాయి.
అనుభవదారు గడిలో వాటినే రాయాలి న్యాయానికి.

నేను బండి ఆపిన మినపచేను
ఒకప్పుడు ఓడలు పక్కకి ఒరిగి
పొట్ట గీకించుకున్న చోటంటారు.
తారు కాచినవాళ్ళు, చాపలు కుట్టినవాళ్ళు,
జీతం చాలక మేస్త్రీతో తగువాడినవాళ్ళు,
ఎవరి పేరూ నా రిజిస్టరులో లేదు.
ఒక రాత్రి సముద్రం తలుపు తట్టకుండా లోపలికొచ్చింది.
తర్వాత ఏళ్ళకేళ్ళు
చేసిన పనికి మొహం చెల్లనట్టు వెనక్కి జరిగింది.
దీపస్తంభం మాత్రం ఉన్నచోటే ఉంది,
పిలవడానికి ఓడ లేక
గువ్వలకి గూడిచ్చుకుని.

బంగారమ్మ తాత రంగూనులో బియ్యం బస్తాలు మోశాడు.
"పేరడగలేదంట ఎవుళ్ళూ.
శికాకుళం నుంచెళ్ళినోడైనా, బరంపురం నుంచెళ్ళినోడైనా
మనోళ్ళందరూ అక్కడ కోరంగీలేనంట."
అది తిట్టో చిరునామావో
ఆయనకి చచ్చేదాకా తేలలేదు.
ఊరు చూస్తే ఇంత. కేకేస్తే ఆ చివర వినబడుతుంది.

కాలికంటిన బురద గీకుతూ అడిగాను, ఇదెక్కడిదని.
ఆవిడ నవ్వింది. ఏమని చెబుతుంది?
నాసిక్‌లో ఎవరి ద్రాక్షతోటదో,
భద్రాచలం మెట్ల మీద ఎవరి పాదాలదో.
దారిలో ఆనకట్టలు చాలామటుకు పట్టేసుకోగా
మిగిలిన పిసరు పల్చటి టీ రంగులో
ఆలస్యంగా ఇక్కడికి చేరుతుంది.
మడచెట్లు దాన్ని పోనివ్వవు.
నేల్లోంచి వేళ్ళు పైకి పొడుచుకుని
ఊపిరి పీలుస్తూ, మట్టిని కూడబెడుతూ నిలబడతాయి.
మంచివని కాదు.
తిల్లచెట్టు పాలకి బంగారమ్మ మరిది
ఒక కన్ను అప్పజెప్పి వచ్చాడు, కట్టెలకెళ్ళి.
అయినా రొయ్యల చెరువులకి అడవి కొట్టేస్తామని
జీపులో మనుషులొచ్చినప్పుడు
అడ్డంగా పడుకున్నవాళ్ళలో మొదటివాడు ఆ మరిదే.
"తొంభయ్యారు గాలివానకి
మడున్న వైపు ఇళ్ళకి తాటాకు లేచింది, గోడ లేవలేదు.
ఆడికి ఒంటికన్నైనా అది కనపడింది."

దిగాను.
నీళ్ళు కొంచెం వెచ్చగా, కొంచెం కుళ్ళిన ఆకు వాసనగా.
అరికాలు కోసుకుంది. అదే రాయి.
వంగి తడిమితే నెత్తిన చెక్కిన గుర్తు ఉందింకా,
చుట్టూ ఆల్చిప్పలు కాపురం పెట్టేశాయి
కిక్కిరిసి, ఎవరి అనుమతీ లేకుండా.
గొలుసు రెండో కొస పట్టుకోమంటే
బంగారమ్మ చీర దోపుకుని నిలబడింది.
మా మధ్య ఎనభై సెంట్లు,
అందులో యాభై ఒకటి అలలు.

ఒడ్డెక్కి రిమార్కుల గడిలో "నీరు" అని రాశాను.
ఆవిడకి చదువు రాదు, ఏం రాశావంది.
చెప్పాను.
"ఇప్పటికి అని కూడా రాయి," అంది.
అలాంటి మాటకి మా ఫారంలో చోటు లేదు.
పెన్సిలుతో రాశాను, అంచున, చిన్నగా.

వెళ్ళేటప్పుడు రెండు మండపీతలు
గడ్డితో కాళ్ళు కట్టి డిక్కీలో పడేసింది, వద్దన్నా.
తాళ్ళరేవు దాటేదాకా
పటం కాగితాన్ని బరబరా గీకుతూనే ఉన్నాయవి.